ముందు అరిగే అక్షరాలు: ఒక కార్పొరేటర్ రాత్రి బడి మీద కేస్ స్టడీ

వయోజన విద్యలో శిక్షణ తరగతులు తీసుకునేవాళ్ళం ఎప్పుడూ బాగా నడిచిన సెంటర్లనే ఉదాహరణగా చెప్తుంటాం. నేను రాయబోయేది కొన్నాళ్ళు బాగా నడిచి, కొన్నాళ్ళు కుంటుకుంటూ నడిచి, చివరికి నడిపిన మనిషి మంచం పట్టగానే మూతపడిన రాత్రి బడి గురించి. ముషీరాబాద్ వైపు, అజామాబాద్ ఫ్యాక్టరీల నుంచి నడిచి రాగలిగేంత దూరంలో ఉండేది. నడిపినాయన రెండుసార్లు కార్పొరేటర్. ఆయన పేరూ డివిజన్ పేరూ రాయడం లేదు. ఇంట్లోవాళ్ళు వద్దన్నారు. పైగా అక్కడ చదువుకున్నవాళ్ళు చాలామంది ఇప్పటికీ ఆ గల్లీల్లోనే ఉన్నారు. తమ నాయనమ్మ ఒకప్పుడు వేలిముద్ర వేసేదని తెలియని మనవళ్ళు కూడా ఉన్నారు. బస్తీలో అందరూ ఆయన్ని సార్ అనేవాళ్ళు. నేనూ అలాగే రాస్తాను.

1989లో నేను ఆ సెంటర్‌లో ఇన్‌స్ట్రక్టర్‌గా చేరాను. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఖాళీగా ఉన్న రోజులవి. జాతీయ సాక్షరతా మిషన్ అంతకు ముందు ఏడాది, 1988 మే 5న మొదలైంది. 15 నుంచి 35 ఏళ్ళ వయసువాళ్ళకు చదువు చెప్పాలన్నది దాని లెక్క. ఐదేళ్ళు అక్కడ పనిచేసి, తర్వాత శిక్షణ ఇచ్చే ఉద్యోగంలోకి మారాను. అయినా రాకపోకలు మాత్రం చివరిదాకా ఉన్నాయి. కాబట్టి ఇందులో కొంత నేను చేసింది, కొంత చూసింది, కొంత సార్ చెప్తే విన్నది. సార్ చెప్పినవాటిలో నేను ఒప్పుకోనివీ ఉన్నాయి.

కంపోజిటర్ కార్పొరేటర్ అయిన కథ

సార్ 1960ల్లో భువనగిరి వైపు పల్లె నుంచి పట్నం వచ్చారు. అప్పటికి చదివింది ఏడో తరగతి. చిక్కడపల్లిలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో కంపోజిటర్‌గా కుదిరారు. ఆ పని ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పాలంటే కొంచెం కష్టమే. సీసంతో పోతపోసిన అక్షరాలు గళ్ళు గళ్ళుగా ఉన్న చెక్క పెట్టెలో ఉండేవి. ఆ పెట్టెను కేసు అంటారు. (ఈ వ్యాసాన్ని కేస్ స్టడీ అంటున్నానని తెలిస్తే ఆయన నవ్వి ఉండేవారు.) ఒక్కో అక్షరం ఏరి, చేతిలోని స్టిక్‌లో తిరగేసి పేర్చాలి. తెలుగుకు గుణింతాలు, వత్తులు అన్నీ కలిపి వందల గళ్ళు. ఏ గడి ఎక్కడుందో చెయ్యికి తెలియాలి, కంటికి కాదు.

కంపోజిటర్లకు పండితుల కంటే బాగా తెలిసిన సంగతి ఒకటుంది. ఏ గడి ముందు ఖాళీ అవుతుంది, ఏ అక్షరం ముందు అరిగిపోతుంది అన్నది. న, ర, ల, క, డ, త. అందులోనూ కొమ్ము ఉన్నవి. 'ను, రు, లు, డు' లేకుండా తెలుగులో నాలుగు ముక్కలు రాయలేం. ఙ, ఞ గళ్ళలో మాత్రం దుమ్ము పేరుకునేది. ఢ కావాలంటే ఢిల్లీ వార్త రావాలి. ఇరవై ఏళ్ళు ఆ గళ్ళ ముందు నిలబడ్డ మనిషి చదువు చెప్పడానికి కూర్చుంటే అ, ఆలతో ఎందుకు మొదలుపెడతాడు?

ప్రెస్సు కార్మికుల యూనియన్‌లో తిరిగీ తిరిగీ రాజకీయాల్లోకి వచ్చారు. 1986లో హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్‌కు ఎన్నికలు జరిగినప్పుడు గెలిచారు. అప్పుడు వంద డివిజన్లు. గెలిచిన కొత్తలోనే తన డివిజన్‌లోని కమ్యూనిటీ హాలు తాళంచెవి తీసుకుని, పెళ్ళిళ్ళు లేని రాత్రుళ్ళు అక్కడ బడి పెట్టారు. ఆయన కూర్చునే గదిలో గోడకు మాడపాటి హనుమంతరావు గారి ఫొటో ఉండేది. 1928లో నారాయణగూడలో తెలుగు ఆడపిల్లల కోసం బడి పెట్టిన ఆ మనిషే 1951లో ఈ నగరానికి మేయర్ అయ్యారు. "మేయర్ సాబే బడి పెట్టిండు, కార్పొరేటర్ పెడితే తప్పా?" అనేవారు సార్, ఎవరైనా వెక్కిరిస్తే.

నల్లా, బిల్లు, బస్సు

మాకు ఇచ్చిన వాచకాలు మూడు. మూడూ కలిపి రెండు వందల గంటల్లో పూర్తిచేయాలి. బొమ్మ చూపించి మాట, మాటలోంచి అక్షరం, అక్షరంతో కొత్త మాట. పద్ధతి మంచిదే, ఇప్పటికీ నేను దాన్నే సమర్థిస్తాను. చిక్కల్లా మాటల దగ్గరే. అవి పల్లె మాటలు. బావి, నాగలి, పొలం. మా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళు ఇళ్ళల్లో అంట్లు తోముకునేవాళ్ళు, మేస్త్రీల కింద ఇటుకలు మోసేవాళ్ళు. వాళ్ళలో కొందరికి నాగలి తెలుసు. దాన్ని వదిలేసే పట్నం వచ్చారు.

సార్ మొదటి రోజు బోర్డు మీద నాలుగు అక్షరాలు రాసేవారు. న, ల, బ, స. వాటికి దీర్ఘం, గుడి, కొమ్ము. అదే రోజు వత్తు కూడా. నల్లా. బిల్లు. బస్సు. మొదటిసారి చూసినప్పుడు నాకు టెన్షన్ వచ్చింది. వత్తులు రెండో వాచకం దాకా రాకూడదని నాకు శిక్షణలో చెప్పి పంపారు.

"సార్, వత్తులు చివర్లో కదా చెప్పాల్సింది?" అన్నాను.

"చివరిదాకా ఎవరుంటరు బిడ్డా?" అన్నారు.

ఆ మాటలో ఎంత అనుభవం ఉందో నాకు తర్వాత అర్థమైంది. సెంటర్‌కు ముప్పై మంది అని కాగితం మీద ఉంటుంది. రెండో నెలలో సగమవుతారు. బోనాలకు ఊరికి పోయినవాళ్ళలో కొందరు తిరిగి రారు. పనిచేసే సైట్ మారితే మనిషే మారిపోతాడు. కాబట్టి ఎవరు ఏ రోజు మానేసినా, ఆ రోజు దాకా నేర్చుకున్నది రోడ్డు మీద పనికి రావాలి. రోడ్డు మీద కనిపించే తెలుగేమో వత్తులు లేనిదే కదలదు. అడ్డా, వడ్డీ, అప్పు, చెక్కు, బియ్యం, చిట్టీ. ఇంట్లోనూ అంతే. అమ్మ, అక్క, అన్న, అత్త.

ఇక్కడ సార్‌తో నాకొక పేచీ ఉండేది. డ్డ, ద్ద, స్స లాంటివి తేలిక. పై అక్షరం తలకట్టు తీసేసి చిన్నగా కింద రాస్తే సరిపోతుంది. ల్ల, మ్మ, న్న, త్త, య్య, ర్ర అలా కాదు. కింద వచ్చే గుర్తుకూ పై అక్షరానికీ పోలికే ఉండదు. అందుకని అడ్డా, వడ్డీ, బస్సుతో మొదలుపెట్టి నల్లాను రెండో వారానికి జరపాలన్నది నా వాదన. సార్ ఒప్పుకోలేదు. నల్లా దగ్గరే కొట్లాటలు జరిగే బస్తీలో మొదటి మాట నల్లాయే అన్నారు. నా శిక్షణ తరగతుల్లో నేను ఇప్పటికీ అడ్డాతోనే మొదలుపెడతాను. అప్పుడు కష్టపడేవాళ్ళు తగ్గుతారు. కాకపోతే నల్లా అని రాయగలిగిన రోజు వాళ్ళ మొహాల్లో వచ్చే వెలుగు అడ్డాకు రాదు, నిజమే.

ఖ, ఘ, ఛ, ఠ, ధ, భ లాంటివన్నీ సార్ చివరి పాఠంలో పడేశారు. 'దుమ్ము గళ్ళు' అనేవారు వాటిని. ఎవరి పేరులోనైనా అవి ఉంటే ఆ పేరు మటుకు బొమ్మ గీసినట్టు నేర్పేవాళ్ళం. లక్ష్మమ్మలు మా ప్రాణం తీశారు. క కింద ష, దాని కింద మ, పక్కన మళ్ళీ మ్మ. పేరు రాయడం వచ్చేసరికి రెండు పలకలు పగిలేవి.

నీళ్ళ రోజు, కళ్ళద్దాలు, ముప్పై ఐదేళ్ళు

హాజరు గురించి ఎవరైనా నన్ను ఒక్క సలహా అడిగితే, నల్లా టైమ్‌టేబుల్ చూడమంటాను. అప్పట్లో మా వైపు రోజు విడిచి రోజు నీళ్ళు వచ్చేవి, అదీ సాయంత్రాలు. నీళ్ళ రోజు ఆడవాళ్ళు రమ్మన్నా రారు. మొదటి ఏడాది నేను ఈ సంగతి పట్టించుకోకుండా సోమవారం నుంచి శనివారం దాకా క్లాసు పెట్టి, హాజరు పడిపోతోందని బాధపడ్డాను. సార్ రిజిస్టర్ తిరగేసి, నీళ్ళు రాని రోజుల పక్కన పెన్సిల్‌తో చుక్క పెట్టి ఇచ్చారు. చుక్కలున్న రోజుల్లో హాలు నిండుగా ఉంది. అప్పటి నుంచి వారానికి మూడు రోజులే క్లాసు. ఇంకా ఎక్కువసేపు.

కళ్ళద్దాల సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. నలభై దాటినవాళ్ళు మూడో వారానికి, నాలుగో వారానికి మానేసేవాళ్ళు. ఎందుకని ఇంటికెళ్ళి అడిగితే అందరిదీ ఒకటే జవాబు, "నాకు బుర్ర లేదమ్మా" అని. నేనూ నమ్మాను. పెద్ద వయసులో చదువు ఎక్కదు అనుకున్నాను, ఆ మాట ఎక్కడో చదివి కూడా ఉన్నాను. ఒక రాత్రి ఒక పెద్దావిడ పలకను చాచిన చేతిలో దూరంగా పట్టుకుని చదవడం సార్ చూశారు. మర్నాడు కోఠీకి వెళ్ళి ఫుట్‌పాత్ మీద దొరికే దగ్గరి చూపు అద్దాలు డజను తెచ్చారు. ప్రెస్సులో నలభై దాటిన ప్రతి కంపోజిటర్‌కూ ఇదే వస్తుందట. ముందు పోయేది వత్తులే. పెద్ద అక్షరం కనిపిస్తుంది, దాని కిందున్నది మసక. బియ్యంలో య వత్తు కనిపించని మనిషికి మనం ఎన్నిసార్లు బోర్డు మీద రాసి చూపినా ఏం లాభం?

అద్దాలు సెంటర్‌లోనే ఒక రేకు డబ్బాలో ఉండేవి. రాగానే ఎవరి చూపుకు సరిపోయేది వాళ్ళు ఏరుకునేవాళ్ళు, చెప్పుల్లాగా. అద్దాలు పెట్టినా కనిపించనివాళ్ళను మెహిదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళేవాళ్ళం. శుక్లాలు బయటపడ్డవాళ్ళూ ఉన్నారు. ఈ డబ్బా ఖర్చు ఏ పద్దులోనూ పెట్టడానికి వీల్లేదు. 'బోధన సామగ్రి' అని రాస్తే ఆడిట్‌కు వచ్చినాయన ఒప్పుకోలేదు. సార్ జేబులోంచే పోయింది.

వయసు సంగతికొస్తే, లెక్క ప్రకారం 35 దాటినవాళ్ళను చేర్చుకోకూడదు. వచ్చేవాళ్ళలో సగానికి సగం దాటినవాళ్ళే. సార్ అందరికీ 35 అని రాయించేవారు. ఏళ్ళు గడిచినా మా రిజిస్టర్‌లో ఎవరికీ వయసు పెరగలేదు. నవ్వొచ్చే విషయమే, కానీ దాని దెబ్బ నాకు తర్వాత తగిలింది. ఏ వయసువాళ్ళు ఎంతకాలంలో నేర్చుకున్నారో లెక్క తీద్దామని కూర్చుంటే ఆ రిజిస్టర్లు దేనికీ పనికి రాలేదు. ఇప్పుడు నడుస్తున్న కేంద్ర ప్రభుత్వ వయోజన విద్యా పథకం ఉల్లాస్‌లో 15 దాటినవాళ్ళెవరైనా చేరవచ్చు.

సంతకం కోసం వచ్చినవాళ్ళు

కార్పొరేటర్ ఇంటి ముందు పొద్దున ఆరున్నరకే జనం ఉంటారు. ఫలానా మనిషి నా డివిజన్‌లో ఉంటున్నాడు అని ఒక లెటర్ కావాలి. రేషన్ కార్డుకు, బడిలో సీటుకు, మరణ ధ్రువపత్రానికి, నల్లా కనెక్షన్‌కు. చేతిలో ఉన్న కాగితం ఏమిటో కూడా తెలియకుండా తెచ్చేవాళ్ళు సగం మంది. కాగితం చదవలేనివాళ్ళు ఎంతమంది ఉంటే కార్పొరేటర్‌కు అంత బలం. ఇది ఎవరూ పైకి చెప్పరు. సార్ రెండు పనులూ ఒకే మనిషిగా చేశారు కాబట్టి, పొద్దున ఒక చేత్తో కట్టింది రాత్రి ఇంకో చేత్తో విప్పుతున్నట్టుండేది.

ఆయనకూ ఆ సంగతి తెలుసు. 1990లో ఒక రూలు పెట్టారు. సంతకానికి వచ్చినవాళ్ళు అర్జీ మీద తమ పేరు తామే రాయాలి. రాయడం రాకపోతే గేటు దగ్గరున్న కుర్రాడు పలక ఇస్తాడు, చూసి నేర్చుకుని రాయాలి, అప్పుడే సార్ సంతకం పెడతారు. కొందరు సరదాగా తీసుకున్నారు. కొందరు తిట్టుకుంటూ రాశారు. ఒక ముసలాయన కాగితం చింపి అక్కడే పారేసి వెళ్ళిపోయాడు. సెంటర్‌లో మాత్రం కొత్తగా చేరేవాళ్ళు పెరిగారు, నేను సంబరపడ్డాను.

రెండు నెలలకు ఒకామె వచ్చింది. భర్త పోయి మూడు రోజులు. మరణ ధ్రువపత్రం కోసం లెటర్ కావాలి. గేటు దగ్గరి కుర్రాడు రూలు ప్రకారం పలక చేతికిచ్చాడు. ఆమె ఏమీ అనలేదు. పలక పట్టుకుని అరుగు మీద చాలాసేపు కూర్చుని, దాన్ని అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. సాయంత్రం సంగతి తెలిసి సార్ లెటర్ రాసుకుని వాళ్ళింటికి నడిచి వెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను. ఆమె లెటర్ తీసుకుని, "నాకు సదువు రాకపాయె సార్, ఏం జేద్దు" అంది, తనదే తప్పు అయినట్టు. తిరిగి వచ్చేటప్పుడు సార్ ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడు రూలు ఎత్తేశారు.

ఆమె సెంటర్‌కు ఎన్నడూ రాలేదు. శిక్షణ తరగతుల్లో ఈ సంగతి చెప్తే ఎవరో ఒకరు, "తర్వాత ఆమె చదువుకుందా మేడం?" అని అడుగుతారు. లేదు. హక్కుగా అందాల్సినదాన్ని చదువుకు ఎరగా పెట్టకూడదని నేను నేర్చుకున్నది అక్కడే. దానికి ఆమె మూల్యం చెల్లించింది. నేను కాదు.

కౌన్సిల్ లేని పదకొండేళ్ళు

1991లో ఆ కౌన్సిల్ గడువు ముగిసింది. పట్టణ పాలక సంస్థలకు గడువులోగా ఎన్నికలు జరపాలన్న 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చినా హైదరాబాద్‌లో మళ్ళీ ఎన్నికలు జరిగింది 2002లోనే. మధ్యలో స్పెషలాఫీసర్ల పాలన. సార్ ఆ పదకొండేళ్ళూ ఏ పదవీ లేకుండానే కార్పొరేటర్ సాబ్‌గా చలామణీ అయ్యారు. సంతకానికి విలువ లేదు, అయినా జనం రావడం మానలేదు. నా ఉద్దేశంలో బడికి అవే మంచి రోజులు. ఇవ్వడానికి ఆయన దగ్గర చదువు తప్ప ఏమీ లేదు.

అప్పట్లో నెల్లూరు కథ ప్రతి శిక్షణలోనూ చెప్పేవాళ్ళం. అక్షరాస్యత వాచకంలోని పాఠం చదివిన దూబగుంట ఆడవాళ్ళు సారాకు ఎదురు తిరగడం, 1993లో సారా నిషేధం దాకా అది వెళ్ళడం. సార్‌ను కూడా అలాంటి పాఠం రాయమని నేను పోరు పెట్టాను. ఆయనకు నచ్చలేదు. ఊళ్ళో అయితే ఒక దుకాణం ముందు ఊరంతా కూర్చోవచ్చు, ఇక్కడ పక్కింటివాళ్ళు ఏ ఊరివాళ్ళో తెలియదు, ఇక్కడి మనిషి కొట్లాట కాగితంతోనే అన్నారు. అప్పుడు ఆయనకు ధైర్యం చాలడం లేదనుకున్నాను.

2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. హుస్సేన్ సాగర్ నాలా పొంగి దిగువ బస్తీలన్నీ మునిగాయి. నాలుగు రోజుల తర్వాత సాయం అందాల్సినవాళ్ళ పేర్లు గోడకు అంటించారు. మా సెంటర్‌లో చదివిన ఒకామె అందులో తన పేరు వెతుక్కుంది. పేరు చివర 'మ్మ' ఉండాల్సిన చోట 'య్య' పడింది. ఆడమనిషి కాస్తా మగమనిషైంది. డబ్బు ఇచ్చే రోజు ఆ తప్పు బయటపడి ఉంటే ఆమెను వెనక్కి పంపేవాళ్ళే. ఆమె అక్కడే నిలబడి, రాసుకెళ్ళిన ఉద్యోగిని పిలిపించి దిద్దించింది. అంతటితో ఊరుకోలేదు, మిగతా జాబితా కూడా చదివి పక్క గల్లీలో ఇంకో రెండు తప్పులు పట్టింది. నెల్లూరు అంత పెద్ద కథ కాదు. ఒక వత్తు సంగతి.

ఈ ఏళ్ళలోనే సార్ తన చదువూ పూర్తిచేశారు. మన ఓపెన్ యూనివర్సిటీ 1982లో మొదలైంది, అప్పట్లో అసలు బడికి వెళ్ళనివాళ్ళు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరగలిగేవాళ్ళు. యాభై దాటాక ఆ పరీక్ష రాసి, కిందా మీదా పడి బీఏ అయ్యారు. పరీక్ష హాలులోకి ఆయన అడుగుపెట్టగానే స్క్వాడ్ వచ్చిందనుకుని పిల్లలు లేచి నిలబడ్డారట.

రెండోసారి, ఆ తర్వాత

2002లో మళ్ళీ గెలిచారు. ఈసారి పనులు ఎక్కువ, రాత్రి బడికి రావడం తక్కువ. కౌన్సిల్‌లో ఆయన ప్రతి బడ్జెట్ మీటింగులోనూ అడిగింది ఒకటే, గ్రంథాలయ పన్ను. ఆస్తిపన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయాల కోసం వసూలు చేస్తారు. మన దగ్గర తీసుకున్నది గ్రంథాలయ సంస్థకు ఎంత చేరింది, మా బస్తీలో చదివే గది ఏదీ అని. కొత్తగా చదవడం వచ్చినవాళ్ళకు చదవడానికి ఏమీ దొరక్కపోతే ఆరు నెలల్లో మళ్ళీ మర్చిపోతారు. ఈ రంగంలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన సంగతే, కౌన్సిల్‌లో మాత్రం దోమల మందు మీద జరిగే చర్చ మధ్యలో ఇది వినే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. చదివే గది రాలేదు.

2007 ఏప్రిల్ 16న చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిసి గ్రేటర్ అయింది. 2009 ఎన్నికల నాటికి 150 డివిజన్లు, హద్దులన్నీ మారాయి. సార్‌కు పట్టున్న గల్లీల్లో సగం పక్క డివిజన్‌లోకి పోయాయి. ఓడిపోయారు. సొంతంగా కాగితాలు రాసుకోవడం వచ్చాక జనానికి ఆయన అవసరం తీరింది, అందుకే ఓడారని కొందరు అంటారు. కథగా బాగానే ఉంటుంది గానీ నేను నమ్మను. హద్దులు, డబ్బు, ఆలస్యంగా వచ్చిన టికెట్టు. అంతే.

హాలు తాళంచెవి కొత్తవాళ్ళ చేతికి వెళ్ళింది. బడి సార్ ఇంటి డాబా మీదికి, రేకుల షెడ్డు కిందికి మారింది. మగవాళ్ళు రావడం దాదాపు ఆగిపోయింది. ఒకరి ఇంటి మెట్లెక్కి, కింద వంటింట్లో కోడలు చూస్తుండగా పలక పట్టుకుని వెళ్ళడం వాళ్ళకు నామోషీ. సర్కారు హాలు ఎవరిదీ కాదు కాబట్టి అందరిదీ అయ్యేది. స్థలం మార్పు ఇంత దెబ్బ కొడుతుందని నేను ముందు ఊహించలేదు.

2016 నవంబర్‌లో పెద్ద నోట్లు రద్దయినప్పుడు ఒక గొడవ జరిగింది. మొదట్లో 4,000 రూపాయల దాకా పాత నోట్లు మార్చుకోవాలంటే బ్యాంకులో స్లిప్పు నింపి, గుర్తింపు కార్డు నంబరు వేసి, సంతకం పెట్టాలి. మా దగ్గర చదివిన ఒక కూలీ మనిషి బ్యాంకు బయట లైన్లో నిలబడి ఇతరులకు స్లిప్పులు నింపిపెట్టడం మొదలుపెట్టాడు. స్లిప్పుకు పది రూపాయలు. అడ్డా మీద పని దొరకని రోజులవి. సార్‌కు తెలిసి మండిపడ్డారు.

"చదువు అమ్ముకుంటున్నవారా?" అన్నారు.

"కూలికి పోతే చేతులమ్ముకుంట సార్, ఇదేమన్న తప్పా?" అన్నాడతను.

ఆ ఇద్దరూ చాలా రోజులు మాట్లాడుకోలేదు. నన్నడిగితే, మా సెంటర్‌కు వచ్చిన రిజల్టుల్లో అది మొదటి వరసలో ఉంటుంది. ఇంకొకరి కాగితం నింపగలనన్న నమ్మకం, దానికి ధర కట్టగలనన్న నమ్మకం. సార్‌తో ఈ మాట అన్నాను. "నువ్వు రిజిస్టర్ రాసేదానివి, నీకు గట్లనే ఉంటది" అన్నారు. మరి సార్ జీవితమంతా చేసింది కూడా ఇంకొకరి కాగితం మీద సంతకమే కదా, దానికి ఓటు తీసుకోలేదా? ఇది పైకి అనలేదు.

ఏవి కుదరలేదు

పక్క గల్లీ అంతా ఉర్దూ మాట్లాడేవాళ్ళు. సార్ దక్కనీ ధారాళంగా మాట్లాడేవారు, పొద్దున సంతకాలకు వాళ్ళూ వచ్చేవాళ్ళు. రాత్రి బడిలో మాత్రం వాళ్ళకేమీ లేదు. ఒకామె మెట్ల దగ్గర నిలబడి "హమారే లియే భీ కుచ్ హై క్యా సాబ్?" అని అడగడం నేను విన్నాను. చూద్దాం అన్నారు. చూడలేదు. తెలుగు గళ్ళు తెలిసిన మనిషికి ఉర్దూ గళ్ళు తెలియవు, తెలిసిన టీచర్‌ను వెతికే పనిని ఆయన గానీ నేను గానీ మీద వేసుకోలేదు.

ఫోన్లు వచ్చాక నేర్చుకోవాల్సిందే మారిపోయింది. స్మార్ట్‌ఫోన్‌లో అక్షరం పెద్దది చేసుకోవచ్చు, కాబట్టి అద్దాల డబ్బా అవసరం తగ్గింది. కానీ ఓటీపీ మెసేజ్ ఇంగ్లీషులో, బ్యాంకు మెసేజ్ ఇంగ్లీషులో. ఎవరికి ఎంత పంపుతున్నామో చూడకుండా నొక్కి డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు మా దగ్గర చదివినవాళ్ళలోనూ ఉన్నారు. 'క్రెడిటెడ్', 'డెబిటెడ్' అనే రెండు ఇంగ్లీషు మాటలను బొమ్మల్లా గుర్తుపట్టడం నేర్పుదామని నేనన్నాను. ముందు తెలుగు పూర్తి కానీ అన్నారు సార్. వత్తులు మొదటి రోజే చెప్పిన మనిషి ఇక్కడ మాత్రం వరస పట్టుకుని కూర్చున్నారు. వయసు వల్ల కావచ్చు.

ఆయన తర్వాత ఎవరు అన్న ప్రశ్న ఆయన బతికుండగా మేమెవరం అడగలేదు. పాఠాల వరస ఆయన తలలో ఉండేది. నేను రెండుసార్లు నోట్‌బుక్కులో రాసుకున్నాను, ఇల్లు మారినప్పుడు ఒకటి పోయింది. మంచాన పడ్డ మొదటి నెలలో ఒక పాత విద్యార్థిని నాలుగు రోజులు క్లాసు నడిపింది. ఐదో రోజు నీళ్ళొచ్చాయి. మళ్ళీ తెరుచుకోలేదు.

పోయిన ఏడాది సార్ పోయారు. పదకొండో రోజు ఇంటి ముందు షామియానా వేశారు. పార్టీవాళ్ళు పెట్టిన పెద్ద ఫ్లెక్సీ పక్కన, సెంటర్‌లో చదివిన ఆడవాళ్ళు తెల్ల చార్టు మీద స్కెచ్ పెన్నుతో రాసి గోడకు అంటించారు. 'మా సార్‌కు శ్రద్దాంజలి'. ద కింద మామూలు ద. పొట్ట కింద గీత ఉన్న ధ కాదు. రాసినామె నా పక్కనే ఉంది.

"సరిగ్గ రాసిన్నా మేడం?" అంది.

ధ మా దుమ్ము గళ్ళలో ఉంది, చివరి పాఠం. ఆమె అక్కడిదాకా రాలేదు. బాగా రాశావన్నాను. ఫొటో తీసుకున్నాను, ఈ కేసుకు రికార్డుగా నా దగ్గరున్న ఫొటో అదొక్కటే.